విమానాశ్రయం కార్గో పనిలో దెబ్బ తగలకుండా చూసుకోవడం ఎలా? తగిలితే ఏం చేయాలి?

ఏకేఈ కంటైనర్ (సరుకు నింపి విమానం పొట్టలోకి ఎక్కించే పెద్ద పెట్టె) డాలీ మీదకి, అంటే పైన రోలర్లున్న బండి మీదకి, వస్తున్నప్పుడు ఒకసారి గమనించండి. ఖాళీగా ఉంటే దాని బరువు ఎనభై కిలోల చుట్టుపక్కల ఉంటుంది. నిండితే 1,588 కిలోల దాకా ఉండొచ్చు. రోలర్లు బాగుంటే అంత బరువునీ ఒక్క మనిషి తోసి కదిలించేస్తాడు. కదిలిన దాన్ని ఆపాలంటే మాత్రం ఒక్క మనిషి చాలడు. నేను చూసిన దెబ్బల్లో చాలా వరకు ఇక్కడే తగిలాయి. సులువుగా కదిలింది కదా, సులువుగానే ఆగుతుందిలే అనుకుని చెయ్యి అడ్డం పెడతారు.

అందుకే కొత్తగా చేరినవాళ్లకి నేను ముందు నేర్పేది మూడు ప్రశ్నలు. ఇప్పుడు ఏది కదలబోతోంది? ఎటు కదులుతుంది? నా చెయ్యి, నా కాలు ఎక్కడున్నాయి? తోసే ముందు, ఎత్తే ముందు, టగ్ (డాలీలని లాగే బండి) వెనక్కి వచ్చే ముందు ఈ మూడూ మనసులో అనుకోవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. కింద రాసినదంతా ఒక రకంగా ఈ ప్రశ్నలకి జవాబులే. సరుకు ఎత్తి దింపే లోడర్ల కోసం, బిల్డప్‌లో (సరుకుని కంటైనర్లలో, ప్యాలెట్ల మీద పేర్చే పనిలో) ఉన్నవాళ్ల కోసం, టగ్ నడిపేవాళ్ల కోసం రాస్తున్నాను. సూపర్‌వైజర్లు చదివినా తప్పేం లేదు.

1. లాకర్ దగ్గరే ఉంగరం తీసేయండి

బూట్లు, జాకెట్, గ్లౌజుల గురించి అందరూ చెబుతారు. ఉంగరం గురించి ఎవరూ చెప్పరు. కంటైనర్ అంచుకో, నెట్ కొక్కేనికో ఉంగరం తగులుకున్న క్షణంలో మీరు కిందికి దూకితే, ఒంటి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడుతుంది. వేలి చర్మం మొత్తం తొడుగులా ఊడి వచ్చేస్తుంది. ఒక్కోసారి వేలే పోతుంది. పెళ్లి ఉంగరం అయినా సరే, లాకర్‌లో పెట్టండి. రాకపోతే సబ్బు నీళ్లతో తీయండి. అప్పటికీ రాకపోతే కత్తిరించే మనిషి దగ్గరికి సెలవు రోజు వెళ్లండి. మెడలో గొలుసు, చేతికి కడియం, మెడకి వేలాడే ఐడీ కార్డు తాడు కూడా అంతే. తాడు తప్పనిసరైతే లాగగానే ఊడిపోయే రకం అడగండి.

బూట్లకి ముందు భాగంలో గట్టి టోపీ ఉండాలి, అడుగు జారకూడదు. గ్లౌజులు చేతికి సరిగ్గా పట్టేలా ఉండాలి. వదులు గ్లౌజు వేసుకుని బెల్ట్ రోలర్ దగ్గర చెయ్యి పెట్టడం కన్నా అక్కడ చెయ్యి పెట్టకపోవడమే మేలు. జాకెట్ జిప్ వేసుకోండి, రెపరెపలాడే జాకెట్ దేనికైనా తగులుకుంటుంది.

2. మొదటి పది నిమిషాలు పరికరాల మీద పెట్టండి

ఏ డాలీ దొరికితే ఆ డాలీ లాక్కుపోవద్దు. డాలీకి నాలుగు వైపులా చూడండి. స్టాపర్లు (కంటైనర్ జారిపోకుండా ఆపే అడ్డాలు) లేస్తున్నాయా, లేచినవి నిలబడుతున్నాయా అని చేత్తో లేపి, వదిలి, అదిమి చూడాలి. రోలర్ ఒకటి తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే కంటైనర్ అక్కడ తడబడి పక్కకి తిరుగుతుంది, మీ వైపే తిరగొచ్చు. డ్రాబార్ (డాలీని టగ్‌కి తగిలించే కడ్డీ) పైకి లేపితే నిలుస్తోందా, పడిపోతోందా? పడిపోయే డ్రాబార్ పాదం మీదే పడుతుంది. దాన్ని లేపినప్పుడు బ్రేక్ పడే రకమైతే, బ్రేక్ నిజంగా పడుతోందో లేదో ఒకసారి తోసి చూడండి.

టగ్, బెల్ట్ లోడర్ (బ్యాగుల్ని బెల్ట్ మీద విమానంలోకి చేర్చే బండి), హై లోడర్ (కంటైనర్లని విమానం గుమ్మం దాకా ఎత్తే బండి) నడిపేవాళ్లు బ్రేకులు, ఎమర్జెన్సీ స్టాప్ బటన్, పక్క రైలింగ్‌లు చూసుకోవాలి. హై లోడర్ కింద నూనె మరక కనిపిస్తే లీకు ఎక్కడా అని చేత్తో తడిమి వెతకొద్దు. హైడ్రాలిక్ గొట్టంలో సూదిమొనంత చిల్లు పడితే చాలు, నూనె ఒత్తిడికి చర్మంలోకి దూసుకుపోతుంది. దీని సంగతి కింద మళ్లీ చెబుతాను. అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి, లేదా మెకానిక్‌ని పిలవాలి.

పాడైన పరికరానికి ట్యాగ్ కట్టి పక్కన పెట్టండి. ట్యాగ్ లేకపోతే మీరు పక్కన పెట్టిన డాలీని అరగంటలో ఇంకెవరో లాక్కుపోతారు. ఇది ప్రతి చోటా జరుగుతుంది.

3. ఎత్తేటప్పుడు చూడాల్సింది బరువు ఒక్కటే కాదు

నడుము పట్టేసిందని కూర్చున్న లోడర్‌ని ఎంత బరువు ఎత్తావని అడుగుతారు. ఎంత దూరంలో పట్టుకుని ఎత్తావని అడగాలి.

అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ లెక్క ఒకటి ఉంది. 1991లో సవరించిన ఆ లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అన్నీ అంటే, సరుకు ఒంటికి దగ్గరగా ఉండాలి, చేతులు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, నడుం తిప్పక్కర్లేదు, పట్టు బాగుండాలి, అదీ అప్పుడప్పుడు ఎత్తితేనే. ఇప్పుడు అదే పెట్టెని ఒంటి నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. లెక్క సగానికి, అంటే పదకొండున్నర కిలోలకి పడిపోతుంది. ఆ పెట్టె నేల మీద ఉంటే 9 కిలోల లోపుకి. ఎత్తుతూ 45 డిగ్రీలు పక్కకి తిరిగారా, 8 కిలోలు కూడా మిగలవు. నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తుతారన్నది ఇందులో ఇంకా కలపలేదు. చాలా విమానయాన సంస్థలు ఒక్కో బ్యాగుని 32 కిలోల దాకా ఒప్పుకుంటాయని గుర్తుంచుకోండి.

కాబట్టి, ఎత్తే ముందు దగ్గరికి లాక్కోండి. ఈ ఒక్కటీ అలవాటైతే సగం పని అయినట్టే. పెట్టె మూలని కాస్త లేపి బరువు తెలుసుకోండి. లేబుల్ మీద ఉన్న అంకెని పూర్తిగా నమ్మొద్దు, ఒకవైపే బరువున్న పెట్టెలు కూడా ఉంటాయి. తిరగాల్సి వస్తే పాదాలు తిప్పండి, నడుం తిప్పొద్దు. ఇద్దరు ఎత్తుతుంటే ఒక్కరే లెక్కపెట్టాలి. ‘మూడు’ అంటుండగా ఎత్తాలా, ‘మూడు’ అన్నాక ఎత్తాలా అన్నది ముందే అనుకోండి. నవ్వకండి, సగం నడుం నొప్పులు ఆ అర సెకను తేడాలోనే మొదలవుతాయి.

నడుం బెల్ట్ పెట్టుకుంటే ఏమీ కాదని ధీమా పడేవాళ్లున్నారు. దెబ్బ లేనివాళ్లకి ఆ బెల్ట్ రక్షణ ఇస్తుందనడానికి తగిన ఆధారం లేదని నియోషే 1994లో తేల్చింది. నా అనుభవంలో బెల్ట్ చేసే పని ఒక్కటే, పెట్టుకున్నవాడు ఇంకో పది కిలోలు ఎక్కువ ఎత్తేస్తాడు.

బల్క్ హోల్డ్ (విమానం పొట్టలో, కంటైనర్లు లేకుండా బ్యాగుల్ని విడిగా పేర్చే చోటు) సంగతి వేరే. బోయింగ్ 737 హోల్డ్‌లో ఎత్తు మీటరు పైచిలుకే, నిలబడలేం. మోకాళ్ల మీద ఉండి బ్యాగులు అందుకుని, తిరిగి, వెనక్కి పేర్చాలి. పైన చెప్పిన లెక్క మోకాళ్ల మీద చేసే పనికి, ఇరుకు చోటుకి అసలు వర్తించదు. అంటే ఆ 8 కిలోలు కూడా అక్కడ భరోసా కాదు. మోకాలి ప్యాడ్లు తప్పకుండా వేసుకోండి. బ్యాగు ఎత్తొద్దు, నేల మీద జార్చండి. బెల్ట్ కొసని హోల్డ్ గుమ్మానికి వీలైనంత సరిగ్గా ఆనించమని బెల్ట్ లోడర్ నడిపే మనిషికి చెప్పండి. ఒక్కో విమానానికి ఒక్కొక్కరు హోల్డ్‌లోకి వెళ్లేలా వంతులు వేసుకోండి. కుర్రాడు కదా అని ప్రతిసారీ వాడినే లోపలికి పంపిస్తే ముప్పై దాటేసరికి వాడి మోకాళ్లు అరిగిపోతాయి.

4. కంటైనర్‌ని తోయండి, లాగొద్దు

లాగుతున్నారంటే వెనక్కి నడుస్తున్నారని అర్థం. మడమ వెనక ఏముందో కనబడదు. పైగా అది మీ వైపే వస్తోంది. తోసేటప్పుడు రెండు అరచేతులూ కంటైనర్ ముఖానికి ఆనించండి, వేళ్లు అంచు చుట్టూ వంచి పట్టుకోవద్దు. అంచు పట్టుకున్న వేలే పక్క కంటైనర్‌కీ దీనికీ మధ్య నలుగుతుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా, బలం కాళ్లలోంచి.

తోయకముందే అవతలి స్టాపర్ లేచి ఉందని చూడండి. ‘లేపే ఉంటార్లే’ అనుకోవద్దు. కంటైనర్ వచ్చి స్టాపర్‌ని గుద్దుకోగానే వెనక స్టాపర్ లేపాలి, లేకపోతే ఆ తాకిడికే అది వెనక్కి వస్తుంది. ఆగని కంటైనర్‌ని ఒంటితో ఆపాలని చూడొద్దు. అరవండి, తప్పుకోండి, పడితే పడనివ్వండి. కింద పడ్డ కంటైనర్ గురించి ఎవరైనా కాగితం రాస్తారు, అంతే.

ప్యాలెట్లతో ఇంకా జాగ్రత్త. పీఎంసీ ప్యాలెట్ (పైన సరుకు పేర్చి నెట్ కట్టే పలక) 318 సెంటీమీటర్ల పొడవు, 244 సెంటీమీటర్ల వెడల్పు, నిండితే 6,804 కిలోల దాకా. దాని అవతలి వైపు ఎవరున్నారో మీకు కనబడదు. కదిలించే ముందు చుట్టూ ఒకసారి నడిచి రండి, లేదా అవతల నిలబడ్డ మనిషి గొంతు విన్నాకే కదపండి.

అన్నిటికన్నా ప్రమాదం ఇరుక్కుపోయిన కంటైనర్. కదలట్లేదు కాబట్టి అందరూ దగ్గరికి వస్తారు, ఒకరు భుజం పెడతారు, ఒకరు కింద కాలు పెట్టి లేపుతారు, ఇంకొకరు ఎదుటి వైపు నిలబడి ఏం అడ్డుపడిందా అని వంగి చూస్తారు. అప్పుడే అది ఒక్కసారిగా ఊడివస్తుంది. పద్ధతి ఇది: పవర్ రోలర్లు ఆపించండి. లోడర్ ఆపరేటర్ చేతులు కంట్రోల్స్ మీద లేవని కళ్లతో చూడండి. ఎదుటి వైపు ఉన్నవాళ్లందర్నీ తప్పించండి. ఆ తర్వాత బేస్ వంగిందా, లాక్ పడి ఉందా, రాయో చెక్కముక్కో అడ్డుపడిందా అని చూడండి. ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి.

రోలర్ల మీద నడవొద్దు. తడిసిన రోలర్ మీద అడుగు వేశారంటే పడతారు, సందేహం లేదు. డాలీకీ హై లోడర్‌కీ మధ్య నిలబడొద్దు. టగ్‌కి డాలీ తగిలించేటప్పుడు టగ్ పూర్తిగా ఆగాకే లోపలికి వెళ్లి పిన్ వేయండి, నడుస్తున్న టగ్ వెనక డ్రాబార్ పట్టుకుని ఎదురు వెళ్లొద్దు. బెల్ట్ లోడర్ మీద ఎక్కి హోల్డ్‌లోకి పోవడం గురించి వేరే చెప్పాలా? అందరికీ తెలుసు, అందరూ చేస్తారు. బెల్ట్ ఆగి, పక్క రైలింగ్ లేచి ఉంటేనే, మీ కంపెనీ పద్ధతి ఒప్పుకుంటేనే.

5. వేర్‌హౌస్‌లో

ఇక్కడ ముందు ఫోర్క్‌లిఫ్ట్ గురించి. ఎత్తుగా సరుకు పెట్టుకుని వస్తున్న డ్రైవర్‌కి మీరు కనబడరు. అతని కళ్లలోకి మీరు చూసి, అతను తల ఊపితేనే అడ్డంగా దాటండి. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగేటప్పుడు వెనక భాగం బయటికి ఊగుతుంది, కాబట్టి పక్కన నిలబడటం కూడా క్షేమం కాదు.

బ్రేక్‌డౌన్ చేసేటప్పుడు (వచ్చిన ప్యాలెట్‌ని విప్పి సరుకు విడదీసేటప్పుడు) నెట్ విప్పగానే పై వరుస జారి మీద పడొచ్చు. ప్రయాణంలో సరుకు జరిగి నెట్‌కి ఆనుకుని ఉంటుంది. ముందు చుట్టూ చూడండి, ఏ వైపు ఉబ్బి ఉందో ఆ వైపు చివరన విప్పండి, విప్పేటప్పుడు పక్కన నిలబడండి. ఇనుప పట్టీలు కత్తిరిస్తే కొస కొరడాలా ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక చేత్తో పట్టీని అదిమి, కోత మీ ముఖానికి ఎదురుగా లేకుండా కోయండి. ప్లాస్టిక్ చుట్టిన దాన్ని కోసేటప్పుడు బ్లేడు ఒంటి నుంచి బయటికి పోవాలి. సరుకు కింద ఉండే చెక్క స్కిడ్ల మేకులు ఊడదీసి ఎక్కడంటే అక్కడ పారేయొద్దు, మర్నాడు మీ స్నేహితుడి బూటులోనే దిగుతుంది.

6. విమానం దగ్గర

2022 డిసెంబర్ 31న అమెరికాలోని మాంట్‌గోమరీ విమానాశ్రయంలో ఒక గ్రౌండ్ వర్కర్ ఎంబ్రాయర్ 175 విమానం ఇంజిన్‌లోకి లాగివేయబడి చనిపోయారు. విమానం వచ్చి ఆగింది. ఇంజిన్ మాత్రం ఇంకా తిరుగుతోంది. దర్యాప్తు నివేదిక ప్రకారం విమానం రాకముందే సిబ్బందిని రెండుసార్లు కూర్చోబెట్టి, ఇంజిన్లు ఆగి, బీకన్ లైట్ (ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ మెరిసే ఎర్ర లైటు) ఆరేదాకా దగ్గరికి వెళ్లొద్దని చెప్పారు. అయినా జరిగింది. చెప్పడం ఒకటి, అలవాటైన ఒంటి నడకని ఆపుకోవడం ఒకటి. రోజూ విమానం ఆగగానే కోన్ పట్టుకుని నడిచే కాళ్లు ఆ రోజూ నడుస్తాయి.

కాబట్టి మీకు మీరే ఒక గీత పెట్టుకోండి. విమానం పైనా కిందా మెరిసే ఎర్ర లైటు ఆరాలి, చక్రాలకి చాక్స్ (అడ్డు దిమ్మెలు) పడాలి, దగ్గరికి రమ్మని సైగ రావాలి. అప్పటిదాకా పరికరాలు ఆపే గీత వెనకే కాళ్లు. చెవులకి రక్షణ పెట్టుకున్నప్పుడు, పక్క బేలో మరో విమానం మోగుతున్నప్పుడు ఇంజిన్ ఆగిందో లేదో చెవి చెప్పలేదు. కన్నే చూడాలి.

హోల్డ్ తలుపు తెరిచి, హై లోడర్ వెనక్కి వెళ్లాక గుమ్మంలో నిలబడొద్దు. పెద్ద ఫ్రైటర్ (సరుకు మాత్రమే మోసే విమానం) మెయిన్ డెక్ (పై అంతస్తు) గుమ్మం నేల నుంచి దాదాపు 5 మీటర్ల ఎత్తు. సరుకు దిగే కొద్దీ విమానం కాస్త పైకి లేస్తుంది, లోడర్ అంచుకీ గుమ్మానికీ మధ్య ఎత్తు మారుతుంది, రెండు నిమిషాల క్రితం లేని మెట్టు ఇప్పుడు ఉంటుంది. ఫ్రైటర్‌లో సరుకు దింపే వరుస తప్పితే తోక కిందికి కూర్చుంటుంది కూడా. ‘ఆ వెనకది తర్వాత దింపుదాం’ అని లోడింగ్ షీటుని మీరే మార్చొద్దు.

7. లేబుల్ చదవండి

అన్ని లేబుళ్లూ ఇక్కడ చెప్పలేను, రెండు చెబుతాను.

డ్రై ఐస్. మైనస్ 78.5 డిగ్రీలు. చర్మానికి అంటితే కాలినట్టే అవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, అది కరగదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. ఒక కిలో నుంచి అర క్యూబిక్ మీటరుకి పైగా వాయువు వస్తుంది. గాలి కన్నా బరువు కాబట్టి కింద పేరుకుంటుంది. డ్రై ఐస్ పెట్టెలున్న హోల్డ్‌లోకీ, కోల్డ్ రూమ్‌లోకీ తలుపు తీయగానే దూరిపోవద్దు, కాసేపు గాలి ఆడనివ్వండి. లోపలున్నప్పుడు తలనొప్పి, ఆయాసం అనిపిస్తే పని మిగిలినా బయటికి వచ్చేయండి. లోపల ఎవరైనా పడిపోయి కనబడితే ఒంటరిగా పరుగెత్తొద్దు, అలా వెళ్లిన రెండో మనిషి కూడా పక్కనే పడిపోతాడు.

లిథియం బ్యాటరీలు. విడిగా రవాణా చేసే లిథియం అయాన్ బ్యాటరీలని ప్రయాణికుల విమానాల్లో కార్గోగా పంపొద్దని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. మిగతా మార్గాల్లో అవి మీ చేతుల్లోంచే వెళ్తాయి. పెట్టె ఉబ్బినా, వెచ్చగా ఉన్నా, బుసబుసమన్నా, ఏదో వాసన వచ్చినా చేత్తో ఎత్తి బయట పడేద్దామని వీరత్వం చూపొద్దు. దూరంగా జరగండి, అందర్నీ జరపండి, ఫైర్ వాళ్లని పిలవండి. కింద పడ్డ పెట్టెని తిరిగి వరుసలో పెట్టేసి ఊరుకోవద్దు, పడిందని చెప్పండి.

8. చెవులు, ఎండ

85 డెసిబెల్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చన్నది నియోష్ హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నవాళ్లతో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తోందంటే మీరు ఆ హద్దు దగ్గరున్నట్టే. ఇయర్ ప్లగ్ చెవి బయట వేలాడుతూ ఉంటే పెట్టుకున్నట్టు కాదు.

ఎండలో దాహం వేసేదాకా ఆగొద్దు, పావు గంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగండి. తోటి మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా నీడలో కూర్చోబెట్టి ఊరుకోవద్దు. అది వడదెబ్బ, అంబులెన్స్ పిలవాలి, వచ్చేలోపు ఒంటినిండా చల్లటి నీళ్లు పోస్తూనే ఉండాలి.

9. దెబ్బ తగిలాక

మొదట కదిలేదాన్ని ఆపండి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి, టగ్ ఇంజిన్ ఆపించండి. తర్వాతే మనిషి దగ్గరికి. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి, ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడొద్దు.

వేలు తెగిపోతే దాన్ని తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని ఐసు ఉన్న ఇంకో కవర్లో పెట్టండి. వేలికి నేరుగా ఐసు తగలకూడదు. మన వేర్‌హౌస్‌లో చేతికి అందేది డ్రై ఐసే, అది మాత్రం వాడొద్దు. వేలు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది.

హైడ్రాలిక్ నూనె సంగతి మళ్లీ చెబుతానన్నాను. చేతి మీద సూది గుచ్చినట్టు చిన్న చుక్క, నొప్పి కూడా పెద్దగా ఉండదు. బ్యాండేజీ వేసుకుని పని చేసుకోవచ్చనిపిస్తుంది. లోపల నూనె కండరాల్ని పాడు చేస్తూ పోతుంది, కొన్ని గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలో చెయ్యో పోవచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ‘ఒత్తిడితో నూనె లోపలికి దూరింది’ అని అదే మాట చెప్పండి. చిన్న గాయం అనుకుని వాళ్లు మిమ్మల్ని వరుసలో కూర్చోబెట్టకూడదు.

ఎత్తు నుంచి పడినవాళ్లని లేపి కూర్చోబెట్టొద్దు. తల, మెడ కదలకుండా పట్టుకుని సాయం కోసం ఆగండి. ఎలక్ట్రిక్ టగ్ బ్యాటరీ యాసిడ్ కంట్లో పడితే కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి. తలకి దెబ్బ తగిలి ‘బానే ఉన్నా’ అన్న మనిషిని ఆ రోజు ఒంటరిగా ఇంటికి పంపొద్దు. వాంతి అయినా, మగతగా ఉన్నా, మాట తడబడినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నడుం పట్టేస్తే చాలా వరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మంచం మీదే పడుకోవడం కన్నా ఓర్చుకోగలిగినంత మేరకు నడవడం మంచిది. కానీ కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడుతున్నా, రెండు కాళ్లలో బలం తగ్గినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. తెల్లారాక చూద్దాం అనుకునే విషయం కాదు.

10. ‘అజాగ్రత్త’ అని రాయనివ్వొద్దు

ఎంత చిన్న దెబ్బ అయినా షిఫ్ట్ అయ్యేలోపు కాగితం మీద పెట్టించండి. కమిలిన వేలు రెండు రోజులకి వాచి పని చేయకపోతే, అది ఇక్కడే తగిలిందని చెప్పడానికి ఆ కాగితం తప్ప మీకు దిక్కు లేదు.

నేను కొత్తలో పనిచేసిన చోట ఒకతని వేలు నలిగింది. రిపోర్టులో సూపర్‌వైజర్ ఒక్క వాక్యం రాశాడు: ‘అజాగ్రత్త వల్ల వేలికి గాయమైంది.’ అతను సంతకం పెట్టేశాడు. మందుల డబ్బులు అడగబోతే ఆ వాక్యమే చూపించారు. అదే డాలీ మరో నెల అలాగే తిరిగింది. నిజంగా జరిగింది ఇలా రాయాల్సింది:

‘రాత్రి 2:40కి, ఏడో బే దగ్గర, డాలీ నంబరు 114 మీదకి కంటైనర్ తోస్తుండగా, డాలీ ఎడమ వైపు ముందు స్టాపర్ లేచి నిలబడలేదు. కంటైనర్ ఆగక జరిగి, నా ఎడమ చేతి చూపుడు వేలు పక్క కంటైనర్‌కీ దీనికీ మధ్య నలిగింది. నాతో ఇద్దరున్నారు. స్టాపర్ పాడైందని షిఫ్ట్ మొదట్లో చెప్పాను.’

తేడా చూడండి. మొదటి వాక్యంలో మనిషి మీద తీర్పు ఉంది. రెండో దాంట్లో సమయం, చోటు, పరికరం నంబరు, ఏది కదిలింది, ఎటు కదిలింది, చెయ్యి ఎక్కడుంది, చూసినవాళ్లు ఎవరు, అన్నీ ఉన్నాయి. కంటైనర్ నంబరు కూడా రాయండి: ముందు మూడు అక్షరాలు, తర్వాత అంకెలు, చివర విమాన సంస్థ కోడ్. రాయలేని స్థితిలో ఉంటే తోటివాళ్ల చేత రాయించండి, చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి. ఖాళీ ఫారం మీద మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు. కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, ఫోటో తీయడానికి అనుమతి ఉన్న చోటైతే స్టాపర్ ఫోటో తీయండి.

కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు ఇంకో పని చేయాలి. ఐడీ కార్డు, ఆ వారం రోస్టర్, చివరి జీతం స్లిప్ కాపీలు ఇంట్లో పెట్టుకోండి. దెబ్బ తగిలాక ‘మా మనిషి కాదు’ అని ఒకరి మీద ఒకరు తోసేసుకోవడం మామూలే. పరిహారం కోరడానికి ప్రతి దేశంలోనూ గడువు ఉంటుంది, యూనియన్‌లోనో కార్మిక శాఖ ఆఫీసులోనో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి.

దెబ్బ తగలకముందు కూడా మీకు ఒక హక్కుంది. ప్రాణానికి ముప్పు ఉందని సరైన కారణంతో నమ్మి పని నుంచి తప్పుకున్న మనిషిని శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒడంబడికలో రాసింది. 2022 జూన్‌లో ఆ సంస్థ సురక్షితమైన పని వాతావరణాన్ని కార్మికుల మౌలిక హక్కుల్లో చేర్చింది. మీ దేశంలో చట్టం దీన్ని ఎంతవరకు అమలు చేస్తోందన్నది వేరే విషయం. కాబట్టి తప్పుకునేటప్పుడు ‘నేను చెయ్యను’ అని వెళ్లిపోకండి. ‘స్టాపర్ నిలబడట్లేదు, వేరే డాలీ ఇవ్వండి, ఇవ్వగానే చేస్తాను’ అనండి, పక్కన ఒకరు వింటుండగా.

11. తిరిగి పనిలోకి

డాక్టర్ రాసిన కాగితంలో ‘తేలిక పని’ అని మాత్రమే ఉంటే అది చాలదు. ఎన్ని కిలోల దాకా ఎత్తొచ్చు, వంగొచ్చా, మోకాళ్ల మీద ఉండొచ్చా, ఎన్నాళ్లు అన్నది రాయించుకోండి. లేకపోతే సూపర్‌వైజర్‌కి తేలిక పని అంటే బల్క్ హోల్డే కావచ్చు, చిన్న విమానం కదా అని. మొదటి రోజు ఆ కాగితం జట్టు నాయకుడికి చూపించండి. మనుషులు తక్కువైన రాత్రి ‘ఈ ఒక్క ఫ్లైట్‌కి సర్దుకో’ అంటే మళ్లీ ఆ కాగితమే చూపించండి. ఆ డాలీ రిపేరైందో లేదో కూడా వెళ్లి చూడండి. స్టాపర్‌ని చేత్తో లేపి, వదిలి, అదిమి.